ఒకే పెన్న నీళ్లు, రెండు ల్యాబుల్లో రెండు లెక్కలు: ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కాలువ పెన్నలో కలిసే చోట ఒకే రోజు నీళ్లు పట్టి రెండు ల్యాబులకు ఇచ్చారు. మొదటివాళ్లు లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో నైట్రేట్ 38, సీసం బీడీఎల్ (బిలో డిటెక్షన్ లిమిట్) అని ఇచ్చారు. రెండోవాళ్లు నైట్రేట్ 8.6, సీసం 0.014 అని ఇచ్చారు. ఇద్దరిలో ఎవరో ఒకరు డబ్బులు తిని రాసిచ్చారని మీ అనుమానం.

అన్నా, ఆ మాట అనేముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడుగున ఉండే చిన్నక్షరాలు చదవండి. నేను నెల్లూరులో ఒక ల్యాబులో ఎనిమిదేళ్లు నీళ్లు టెస్టు చేశాను, ఇట్లాంటి పంచాయితీలు లెక్కలేనన్ని చూశాను.

ముందు నైట్రేట్. మీరు పెట్టిన ఫొటోలో రెండో రిపోర్టులో నైట్రేట్ పక్కన ‘యాజ్ ఎన్’ అని ఉంది, చూశారా? అంటే వాళ్లు నైట్రేట్‌లో ఉండే నైట్రోజన్ వరకే లెక్క చెప్పారు, మొదటివాళ్లు మొత్తం నైట్రేట్ బరువు చెప్పారు. 8.6ని 4.43తో గుణించండి, 38.1 వస్తుంది. మీరు కొట్లాటకు దిగిన రెండు అంకెలూ అసలు ఒకటే! తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఉండే 45 మిల్లీగ్రాముల హద్దు మొత్తం నైట్రేట్‌కి పెట్టింది, కాబట్టి దాంతో పోల్చాల్సింది 38నే. 8.6ని 45 పక్కన పెట్టి ‘మా నీళ్లు బంగారం’ అని మురిసిపోయినవాళ్లను కూడా చూశాను.

సీసం సంగతి వేరు. బీడీఎల్ అంటే సీసం లేదని కాదు, ఆ యంత్రం పట్టగలిగిన హద్దుకు లోపల ఉందని మాత్రమే. ఆ హద్దు ఎంతో మొదటి రిపోర్టు కిందే ఉంది: 0.05. తాగునీటిలో సీసం హద్దేమో 0.01. కిలోల కాటా మీద బంగారం తూచి ‘ముల్లు కదల్లేదు, బంగారమే లేదు’ అన్నట్టుంది. 0.014 ఉన్నా ఆ యంత్రానికి కనపడదు, కాబట్టి ఆ బీడీఎల్ కాగితం సీసం విషయంలో మీకు ఎందుకూ పనికిరాదు. మంటతో నడిచే ఏఏఎస్ అనే లోహాలు కొలిచే యంత్రం మీద చేస్తే ఇట్లాగే ఉంటుంది. సీసం కోసమైతే అంతకంటే చాలా తక్కువను కూడా పట్టే యంత్రాలు, గ్రాఫైట్ ఫర్నేస్ గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ ఉన్న ల్యాబుకే ఇవ్వండి, ఇచ్చేముందే ‘మీ హద్దు ఎంత’ అని అడగండి.

అట్లాగని 0.014ని కూడా రాతిమీద గీత అనుకోవద్దు. విలియం హార్విట్జ్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ఎన్నో ల్యాబుల ఫలితాలు పోగేసి 1980లో ఒక లెక్క తేల్చాడు: పదార్థం పలచబడేకొద్దీ ల్యాబుకీ ల్యాబుకీ మధ్య తేడా పెరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర ఆ తేడా 16 శాతం దాకా ఉంటే, 0.01 దగ్గర 32 శాతం దాకా వెళ్తుంది. అందుకని ఒక ల్యాబు 0.012 అని, ఇంకో ల్యాబు 0.016 అని ఇస్తే ఇద్దరూ నిజాయితీగా చేసినట్టే.

కానీ నా అనుభవంలో పెద్ద తప్పులు ల్యాబు లోపల కాదు, ఏటిగట్టు మీద జరుగుతాయి. ఒకసారి మేమూ ఇంకో ల్యాబువాళ్లూ ఒకే పూట బ్రిడ్జి మీదనుంచి పెన్న నీళ్లు పట్టాం. మా జింకు వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. రెండుసార్లు మళ్లీ చేశాం, అదే అంకె. టెన్షన్‌తో రాత్రి పదింటిదాకా కూర్చున్నాం. తెల్లారి మా అటెండరు కడగడానికి బకెట్టు బయటికి తెస్తే అప్పుడు వెలిగింది. వాళ్లు తాడు కట్టి దించింది ప్లాస్టిక్ బకెట్టు, మాది జీఐ బకెట్టు. లోపల జింకు పూత లేచి తెల్లగా బూడిదలా రాలుతోంది. అదే మేం ఏటిలో ఉందని రాయబోయాం!

వరద నీళ్లయితే ఇంకో చిక్కు. సోమశిల గేట్లు ఎత్తినప్పుడు పెన్న టీ రంగులో వస్తుంది కదా, ఆ బురదలోనే లోహాలు అతుక్కుని ఉంటాయి. 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి తర్వాత నైట్రిక్ యాసిడ్ వేస్తే నీళ్లలో కరిగిన సీసం ఒక్కటే లెక్కకొస్తుంది, వడకట్టకుండా యాసిడ్ వేస్తే బురదలోది కూడా ఊడి నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లకు ఫిల్టరు ఊరికే పూడుకుపోతుంది, విసుగొచ్చి వడకట్టడం మానేసేవాళ్లు ఉన్నారు. రెండు పద్ధతులూ సరైనవే, కానీ ఒకదాని అంకె పక్కన రెండోది పెట్టకూడదు. మీ రెండు ల్యాబులూ ఏది చేశాయో అడిగారా?

ఇక ల్యాబు మంచిదా కాదా అంటే ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు చూడండి, అందులోనూ సీసం వాళ్ల స్కోపులో, అంటే గుర్తింపు వచ్చిన పరీక్షల జాబితాలో, ఉందో లేదో చూడండి, గోడకు సర్టిఫికెట్ తగిలిస్తే చాలదు. ప్రొఫిషియెన్సీ టెస్టింగ్‌లో జెడ్ స్కోరు ఎంత వచ్చిందో అడగండి. ఒకే నీళ్లు చాలా ల్యాబులకు పంపి ఎవరు ఎంత చెప్పారో పోల్చే పరీక్ష అది, సరైన లెక్కకు ఆ ల్యాబు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె జెడ్ స్కోరు. 2 లోపల ఉంటే మంచిది, 3 దాటితే తప్పు చేసినట్టు. మాకు ఒకసారి సీసంలో 3.4 వచ్చింది. కారణం వెతికితే పాత స్టాండర్డ్ ద్రావణం, అంటే యంత్రాన్ని సరిచూసుకోవడానికి సీసం ఎంతో ముందే తెలిసిన ద్రావణం: యాసిడ్ సరిగా వేయకపోవడంతో అందులోని సీసం సీసా గోడలకు పట్టేసింది. తూకం రాయి అరిగితే సరుకు ఎక్కువ తూగినట్టు, స్టాండర్డ్ పలచబడితే శాంపిల్ ఎక్కువ చూపిస్తుంది. ఆ వారం ఇచ్చిన రిపోర్టులన్నీ వెనక్కి పిలిపించి మళ్లీ చేశాం, చాలా తిట్లు తిన్నాం.

మీరు మళ్లీ ఇస్తే ఇట్లా చేయండి. ఒకే ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు తిప్పి తిప్పి, కలుపుతూనే సీసాలు నింపండి, పైన ఒకటీ అడుగున ఒకటీ పట్టొద్దు. లోహాలకు యాసిడ్ వేసిన ప్లాస్టిక్ సీసా ల్యాబే ఇస్తుంది, దాన్ని ఏటిలో కడగొద్దు, కడిగితే యాసిడ్ పోతుంది. నైట్రేట్ సీసా ఐసులో పెట్టి రెండు రోజుల్లోపు చేరేయాలి. ఒక్కో ల్యాబుకు మూడు సీసాలు ఇవ్వండి: రెండింటిలో అవే నీళ్లు వేరే నంబర్లతో, మూడోదాంట్లో డిస్టిల్డ్ వాటర్. ఏది ఏదో వాళ్లకు చెప్పొద్దు. మొదటి రెండూ దగ్గరదగ్గరగా, మూడోది దాదాపు సున్నాగా వస్తే ఆ ల్యాబు నిలబడినట్టే. ఖర్చు మూడింతలవుతుంది, అందుకని నైట్రేట్, సీసం రెండింటికే చేయించండి, మొత్తం ప్యాకేజీ తీసుకోమంటారు, వద్దనండి. రిపోర్టులు వచ్చాక చిన్నక్షరాలు కనపడేలా ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.