స్టేట్‌మెంట్ తెరవాలంటే భయం

ప్రశ్న: ఉద్యోగం చేస్తున్నాను కానీ బ్యాంకు స్టేట్‌మెంట్ చూడాలంటేనే టెన్షన్. లెక్కలన్నీ మావారే చూస్తారు. ఇప్పుడు నేర్చుకోగలనా?

జవాబు: ఎందుకు నేర్చుకోలేరండీ! ముందు ఒక్క నెల స్టేట్‌మెంట్ తెరిచి ఏది దేనికి పోయిందో చదవండి, ఖర్చు తగ్గించాలని అప్పుడే కంగారుపడొద్దు. తర్వాత వడ్డీ సంగతి. 72ని ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే చక్రవడ్డీతో సొమ్ము సుమారు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. 8 శాతమైతే 9 ఏళ్లు, అదే నెలకు 3 శాతం వడ్డీ పడే క్రెడిట్ కార్డు బాకీని కట్టకుండా వదిలేస్తే 24 నెలలకే రెట్టింపు (అందుకే బిల్లులో అడిగే కనీస మొత్తం, అంటే మినిమమ్, మాత్రమే కట్టి ఊరుకోవడం నాకస్సలు నచ్చదు). ఈ లెక్క చేతికొస్తే, ఎవరైనా పథకం అమ్మబోయినప్పుడు ప్రశ్నలు మీకే తడతాయి. మీవారిని పక్కన పెట్టక్కర్లేదు; వచ్చే నెల బిల్లులు మీరు కట్టండి, ఆయన్ని పక్కన కూర్చుని చూడమనండి.