కూలర్ సంగతి తర్వాత, ముందు పీసీ క్యాబినెట్ గాజు పలక తీయండి

మీ ప్రశ్న ఇది: రైజెన్ 7 7700 ప్రాసెసర్‌తో పీసీ కట్టిస్తున్నాను, గదిలో ఏసీ లేదు, ఆ ప్రాసెసర్‌ని చల్లబరచడానికి డీప్‌కూల్ ఏకే400 కూలర్ సరిపోతుందా, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ కొనాలా, లేక నాక్టువా డీ15 మీద డబ్బు పొయ్యాలా?

పీర్‌లెస్ అసాసిన్ తీసుకోండి. ఇంక దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి. 7700 అనేది 65 వాట్ల చిప్పు, మామూలు సెట్టింగుల్లో ఎంత లాగినా 88 వాట్ల దగ్గర ఆగిపోతుంది. దాని డబ్బాలోనే ఏఎండీ వాళ్ళు రేత్ ప్రిజం కూలర్ పెట్టి ఇస్తారు, దాంతో కూడా బండి నడుస్తుంది, కాకపోతే రొద ఎక్కువ. ఏకే400కి నాలుగు హీట్ పైపులు, అంటే చిప్పు వేడిని రేకులకి మోసే గొట్టాలు, ఒక ఫ్యాన్. అసాసిన్‌కి ఆరు పైపులు, రెండు రేకుల టవర్లు, రెండు ఫ్యాన్లు. నాక్టువాకి కూడా పైపులు ఆరే, ఫ్యాన్లు మాత్రం పెద్దవి. 2014 నాటి డిజైన్, ఇప్పటికీ గట్టిదే. ఆరేళ్ల వారంటీ ఇస్తారు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కొత్తది వచ్చినప్పుడు బిల్లు చూపిస్తే బిగించే సామాను ఊరికే పంపుతారు. అవన్నీ మంచి గుణాలే. కానీ ఆ డబ్బుకి రెండు అసాసిన్లు వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. 88 వాట్ల చిప్పుకి అంత అవసరం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ కూలర్‌తో ఎన్ని డిగ్రీలో వీడియోల్లో చూపించే ఈ చార్టులు చూసి కొనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వీడియోలు చేసేవాళ్ళు 20, 22 డిగ్రీల గదిలో కూర్చుని పరీక్షిస్తారు. ఫ్యాన్‌తో నడిచే ప్రాసెసర్ కూలర్ ఎంత ఖరీదైనదైనా చిప్పుని గదిలో ఉన్న గాలికంటే చల్లగా చెయ్యలేదు. పైపులో ఉన్న కాసిన్ని నీళ్ళు చిప్పు దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ వెనక్కి వస్తాయి, ఆ రేకుల వేడిని ఫ్యాను గాలి తీసుకుపోతుంది, అంతే కథ. ఆ గాలే 38 డిగ్రీలుంటే? చార్టులో 70 అని చూపించిన చిప్పు మన దగ్గర 86 దగ్గర ఉంటుంది. మంచి కూలర్‌కీ ఇంకా మంచి కూలర్‌కీ తేడా నాలుగైదు డిగ్రీలు. వాళ్ళ గదికీ మన గదికీ తేడా పదహారు. మీరు దేని గురించి ఆలోచించాలో చెప్పండి!

మాది ఏలూరు. పెళ్ళి వీడియోల ఎడిటింగ్ నా పని. స్టూడియో అని బోర్డు పెట్టాను కానీ అది మేడమీద గది, నెత్తిన స్లాబు, పడమటి ఎండ మొత్తం దాని గోడకే. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ గోడమీద చెయ్యి ఆనించలేం. ఒకసారి రాత్రి పెళ్ళి, మర్నాడు సాయంత్రం రిసెప్షన్. హైలైట్స్ స్క్రీన్ మీద వెయ్యాల్సిందేనని పెళ్ళికూతురి నాన్నగారు పట్టుబట్టారు. ఎడిటింగ్ అంతా అయింది, ఎక్స్‌పోర్ట్ పెట్టాను, అంటే చివరి వీడియో ఫైలు తయారవడం. అరగంటలో అవ్వాల్సింది గంటన్నర చూపిస్తోంది. చూస్తే ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గర తిష్ట వేసుకుని కూర్చుంది. నాది రైజెన్ 9 5900ఎక్స్, దాని హద్దు అదే. అక్కడికి చేరితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఫ్యాన్లు మాత్రం రైస్ మిల్లు లాగా మోగుతున్నాయి. అవతల ఆయన ఫోన్ మీద ఫోన్. నాకు టెన్షన్.

మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. "మామయ్యా, ఈ కూలర్ వేస్టు. బెజవాడ వెళ్ళి లిక్విడ్ కూలర్ తెచ్చేస్తా, బండి తాళాలివ్వు" అన్నాడు. "ఒరేయ్, నువ్వు వెళ్ళొచ్చేసరికి పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళిపోతుంది, కూర్చో" అన్నాను.

ఆ క్యాబినెట్ కూడా వాడు ముచ్చటపడ్డదే. ముందు మొత్తం నల్ల గాజు, లోపల మూడు రంగుల ఫ్యాన్లు. అవి గాలి పీల్చుకోవడానికి అంచుల్లో వేలు పట్టేంత సందు, దాని వెనక జల్లెడ. గాజు పలకని కిందనుంచి పట్టి లాగితే క్లిప్పులు టకటకా ఊడి చేతిలోకి వచ్చింది. జల్లెడ కనబడలేదు. దానిమీద బూడిదరంగు దుమ్ము దళసరిగా పేరుకుపోయి ఉంది. ఒక మూల గోటితో లేపితే మొత్తం ఒక్క పొరలా ఊడొచ్చింది, కాస్త జిడ్డుగా, సాంబ్రాణి వాసనతో. కింద వంటింట్లో పోపు పొగ, శుక్రవారం సాంబ్రాణి పొగ, అన్నీ మెట్లెక్కి ఆ గదికే వస్తాయి. వాటికి దుమ్ము అంటుకుంటే కుంచెతో దులిపినా రాదు.

ఎక్స్‌పోర్ట్ నడుస్తూనే ఉంది. గాజు తీసిన కాసేపటికి 90 కాస్తా 82కి దిగింది. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెడితే 78. వేగం దానంతటదే పుంజుకుంది. వీడియో టైముకి అందింది, గాజు పలక అటకెక్కింది. తర్వాత ఆ పీసీకి డబుల్ టవర్ కూలర్ కూడా పెట్టించాను. అదే గది, అదే రకం పని, ఇంకో నాలుగైదు డిగ్రీలు తగ్గింది. గాజు తీసినందుకు పైసా ఖర్చు కాలేదు, కూలర్‌కి మాత్రం డబ్బులయ్యాయి. లెక్క మీరే వేసుకోండి.

మళ్ళీ చెప్తున్నా, ముందువైపు గాజున్న క్యాబినెట్ కొనకండి. జాలీ ఉన్నది కొనండి. రంగు లైట్లు లేకపోతే పిల్లలు మొహం మాడ్చుకుంటారు, నాలుగు రోజులకి మర్చిపోతారు. ఇంకోటి, కంప్యూటర్ టేబుల్. మన వడ్రంగులు ఇప్పటికీ పీసీకి తలుపున్న అర చేసి ఇస్తారు, మూడు వైపులా ప్లైవుడ్. అందులో పీసీ పెట్టి, దుమ్ము పడుతుందని పైన గుడ్డ కవరు కూడా తొడుగుతారు! ఆ అరలో పెడితే నాక్టువా ఏం చేస్తుంది, ఎవరు మాత్రం ఏం చేస్తారు? వదిలిన వేడిగాలినే మళ్ళీ మళ్ళీ పీల్చుకుంటుంది. తలుపు ఊడదీయించండి, లేదా పీసీని టేబుల్ మీదకి ఎక్కించండి.

గదిలో నీళ్ళ కూలర్ ఉంటే దాన్ని పీసీకి ఎదురుగా పెట్టే ఆలోచన మానుకోండి. గాలి చల్లగానే ఉంటుంది నిజమే, కానీ ఆ మెత్తలనుంచి తుంపర్లు కూడా వస్తాయి. బోరు నీళ్ళయితే ఆ తుంపర్లు ఎండినచోట తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. అది మదర్‌బోర్డు మీద ఉండాల్సిన వస్తువు కాదు.

ఇక మీ 7700 చిప్పు 85 డిగ్రీలు చూపించినా కంగారుపడకండి. దాని హద్దు 95. ఆ సిరీస్‌లో పేరు చివర ఎక్స్ ఉన్న రకాలు 95 దాకా వెళ్ళేలాగే తయారుచేశామని ఏఎండీ వాళ్ళే చెప్పారు. వేడి పుట్టేది గోరంత సిలికాన్ ముక్కలో, దానిమీద దళసరి మూత. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4కి చేసిన కూలర్లు సరిపోవాలని ఆ మూతని అంత మందంగా ఉంచారు. అందుకే పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా కొంతవరకే లాభం. మరీ ఇబ్బందిగా ఉంటే బయాస్‌లో, అంటే పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, చిప్పు లాగే కరెంటు తగ్గించే ఎకో మోడ్ పెట్టుకోండి, వేడి బాగా తగ్గుతుంది, వేగంలో తేడా మీకు తెలియను కూడా తెలియదు.

కూలర్ బిగించేటప్పుడు మదర్‌బోర్డు వెనకున్న ప్లేటు పారెయ్యకండి, మీ 7700 సాకెట్ అయిన ఏఎం5లో కూలర్ స్క్రూలు దానికే పడతాయి. దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగు పోతుంది. వేసవి మొదట్లో ఒకసారి, దసరాకి ఒకసారి దులిపితే చాలు. ఇంట్లో రోజూ సాంబ్రాణి వేస్తే నెలకోసారి.

ఎత్తు కూడా చూసుకోండి. ఏకే400, అసాసిన్ 155 మిల్లీమీటర్లు, డీ15 అయితే 165. చిన్న క్యాబినెట్లలో ఆ పది మిల్లీమీటర్ల దగ్గరే పక్క తలుపు పట్టదు. మీరు మూడు కూలర్ల పేర్లు రాశారు గానీ క్యాబినెట్ పేరు రాయలేదు. అదేదో చెప్పండి. ముందువైపు గాజున్నదే ఆర్డర్ పెట్టి ఉంటే ఇవాళే షాపుకి ఫోన్ చెయ్యండి, సీలు తీయకముందైతే మార్చి ఇస్తారు.