ముందు అడగాల్సింది: ఎన్ని రోజుల రికార్డింగ్?

ప్రశ్న: ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టిద్దామనుకుంటున్నాం. ఒకాయన డీవీఆర్ చాలంటాడు, ఇంకొకాయన ఎన్‌వీఆరే తీసుకోమంటాడు, మా అబ్బాయేమో వైర్ల గోల లేకుండా వైఫైవి కొనేద్దామంటాడు. ఏమిటి తేడా? మూడు వారాల రికార్డింగ్ ఉంటే చాలు.

జవాబు: డీవీఆర్, ఎన్‌వీఆర్ రెండూ కెమెరాల వీడియోని రికార్డు చేసి దాచే పెట్టెలే. డీవీఆర్ పద్ధతిలో కెమెరా తను చూసినదాన్ని కోయాక్సియల్ కేబుల్లోకి (కేబుల్ టీవీకి వాడే లాంటి గుండ్రటి వైరు) పంపేసి చేతులు దులుపుకుంటుంది, దాన్ని డిజిటల్‌గా మార్చి, సైజు తగ్గించి, హార్డ్ డిస్క్‌లో దాచే చాకిరీ అంతా డీవీఆర్ పెట్టెదే. ఎన్‌వీఆర్‌కి తగిలించే ఐపీ కెమెరా (నెట్‌వర్క్‌లో పనిచేసేది) అలా కాదు, అదే ఒక చిన్న కంప్యూటర్. సైజు తగ్గించే పని తనే చేసుకుని నెట్‌వర్క్ కేబుల్లో పంపుతుంది. పీఓఈ అనే సదుపాయం ఉన్నదైతే కరెంటు కూడా ఆ కేబుల్లోనే వస్తుంది, అయితే కేబుల్ పొడవు మామూలుగా 100 మీటర్లు దాటకూడదు. గోడల్లో పాత కోయాక్సియల్ వైరింగ్ ఉంటే డీవీఆర్‌తో సరిపెట్టుకోండి, కొత్తగా లాగించేటట్లయితే నా ఓటు ఎన్‌వీఆర్‌కే.

ఇక మీ అబ్బాయి మాట. వైఫై కెమెరాకి వైర్లుండవన్నది సగం నిజం, చాలావాటికి కరెంటు వైరు కావాల్సిందే. బ్యాటరీవి ఉన్నాయి గానీ అవి ఛార్జింగ్ మిగుల్చుకోవడానికి నిద్రపోతుంటాయి, కదలిక తగిలితే లేస్తాయి, అది లేచి రికార్డింగ్ మొదలుపెట్టేలోపు వచ్చినవాడు ఒక్కోసారి వెనక్కి తిరిగేసి ఉంటాడు!

గుండ్రటి డోమా, పొడుగాటి బుల్లెట్టా అని బుర్ర పాడుచేసుకోకండి, అది ముఖ్యంగా ఆకారంలో తేడా. లెన్స్ ఎన్ని ఎంఎందో అడగండి. 2.8 ఎంఎం అయితే వాకిలంతా వెడల్పుగా కనిపిస్తుంది కానీ దూరంగా ఉన్న ముఖం చిన్న చుక్కైపోతుంది, గేటు దగ్గర మనిషిని గుర్తుపట్టాలంటే 6 ఎంఎం మేలు. రాత్రి కెమెరా వేసే, కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, అప్పుడు లెన్స్ ముందు సాలెగూడు ఉందా, ఆ వెలుగంతా దానిమీదే పడి తెర తెల్లబడిపోతుంది. అప్పుడప్పుడు తుడవండి, ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

మూడు వారాలన్నారు కదా, లెక్క వేద్దాం. ఒక కెమెరా సెకనుకి 4 మెగాబిట్లు పంపుతుంటే రోజుకి దాదాపు 43 జీబీ, నాలుగింటికి 173 జీబీ. అంటే 1 టీబీ డిస్క్ ఆరో రోజుకే నిండిపోయి, పాత వీడియో మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. మూడు వారాలకి దాదాపు 3.6 టీబీ, కాబట్టి మీకు 4 టీబీ కావాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెట్టుకుంటే ఇంకా తక్కువలో సరిపోతుంది.

అన్నట్టు, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చేయండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షల కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది సరిగ్గా అలాంటి పాస్‌వర్డ్‌లతోనే.