కంప్యూటర్ సందేహాలు: తక్కువ ధర లిక్విడ్ కూలర్ ఎవరికి అవసరం?

ప్రశ్న: విజయనగరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. ఇంటెల్ కోర్ ఐ7 14700కె ప్రాసెసర్‌తో కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. మాఘమాసం పెళ్లిళ్ల వరకూ బాగానే పనిచేసింది. వైశాఖం ముహూర్తాలు మొదలయ్యాక మాత్రం ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా మార్చే పని) పెట్టిన ఐదు నిమిషాలకే ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలు చూపిస్తోంది, పని నత్తనడక నడుస్తోంది. ఇప్పుడున్నది ఒకే ఫ్యాను ఉన్న చిన్న ఎయిర్ కూలర్. 360 మిల్లీమీటర్ల (మూడు ఫ్యాన్ల) లిక్విడ్ కూలర్ వేస్తే తప్ప లాభం లేదని షాపువాళ్లు అంటున్నారు. నా చేతిలో ఉన్నది ఆరు వేల రూపాయలు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీ ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలర్ నిజంగానే పనికివస్తుంది. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు పైసా ఖర్చు లేకుండా చేయవలసిన పనులు రెండు ఉన్నాయి.

14700కె పెట్టె మీద 125 వాట్లు అని రాసి ఉన్నా, పూర్తి బలంతో పనిచేసేటప్పుడు అది 253 వాట్ల వరకూ కరెంటు తీసుకోవచ్చునని ఇంటెల్ సంస్థే చెబుతోంది. ఆ కరెంటు అంతా చివరకు వేడిగానే బయటికి రావాలి. పైగా చాలా మదర్‌బోర్డులు కొత్తగా వచ్చినప్పుడు ఈ పరిమితిని కూడా ఎత్తేసి ఉంటాయి కనుక, ఎక్స్‌పోర్ట్ వంటి పనిలో ప్రాసెసర్ దొరికినంతా తాగేస్తుంది. 100 డిగ్రీలకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీరు చూస్తున్న నత్తనడక అదే.

మొదటి పని బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అడిగి క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. దాన్ని అరికట్టే మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి పనిని నడిపించే ఆదేశాలను) ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో విడుదల చేసి, తరువాత మరికొన్ని సవరణలు కూడా ఇచ్చింది. అవి మీ కంప్యూటర్‌కు చేరేది మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చే కొత్త బయోస్ ద్వారానే. ఎంత ఖరీదైన కూలర్ పెట్టినా ఈ అప్‌డేట్ లేకపోతే మీ ప్రాసెసర్‌కు రక్షణ లేనట్టే కాబట్టి దీన్ని రేపటికి వాయిదా వేయకండి. అప్‌డేట్ జరుగుతున్నంతసేపూ కరెంటు పోకుండా యూపీఎస్ మీద ఉంచండి.

రెండవ పని, అదే బయోస్‌లో ప్రాసెసర్ తీసుకునే వాట్లకు హద్దు పెట్టడం. దీర్ఘకాల పరిమితి, స్వల్పకాల పరిమితి అని రెండు అంకెలు ఉంటాయి. రెండింటినీ ముందు 150 దగ్గర పెట్టి ఒక పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ చేసి, పట్టిన సమయం రాసుకోండి. తరువాత 180 పెట్టి మళ్లీ చూడండి. వాట్లు తగ్గించినంత నిష్పత్తిలో వేగం తగ్గదు; చివరి డెబ్బై, ఎనభై వాట్లు తెచ్చే వేగం కొంచెమే, తెచ్చే వేడి మాత్రం చాలా ఎక్కువ. మీకున్న చిన్న ఎయిర్ కూలర్‌తో 150 కూడా ఎక్కువే కావచ్చు, అప్పుడు 125కు దిగండి. కూలర్ వచ్చేదాకా ఈ ముహూర్తాలు గట్టెక్కడానికి ఇది చాలు.

ఇక కూలర్ సంగతి. లిక్విడ్ కూలర్ చల్లదనాన్ని పుట్టించే యంత్రం కాదు, వేడిని ఒకచోటి నుంచి మరొకచోటికి మోసుకుపోయే ఏర్పాటు. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి పలక వేడిని పీల్చుకుంటుంది, సాధారణంగా ఆ పలక మీదే ఉండే పంపు ఆ వేడిని ద్రవంతో రేడియేటర్‌కు తోలుతుంది, అక్కడి ఫ్యాన్లు దాన్ని గదిలోకి వదిలేస్తాయి. ఒక లీటరు గాలి మోయగలిగే వేడికి మూడు వేల రెట్లకు పైగా ఒక లీటరు నీరు మోస్తుంది, అందుకే ఈ పద్ధతి. కానీ వదిలేది గదిలోకే కనుక గది ఎంత వేడిగా ఉంటే ప్రాసెసర్ అంత పైన ఉంటుంది. మాఘంలో గది 28 డిగ్రీలు, ప్రాసెసర్ 85 ఉంటే, వైశాఖం మధ్యాహ్నం గది 40 అయినప్పుడు అదే పనికి ప్రాసెసర్ 97 దగ్గరికి పోతుంది. మీ స్టూడియోలో కిటికీ మూసేసి, కంప్యూటర్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి ఉంచితే, 360 పెట్టినా అది వదిలిన వేడినే అది తిరిగి పీల్చుకుంటుంది. గోడకూ క్యాబినెట్ వెనుక భాగానికీ మధ్య జానెడు జాగా వదలండి.

ఆరు వేలలో పేరున్న కంపెనీల 240 మిల్లీమీటర్ల కూలర్లు దొరుకుతాయి. అదే ధరకు ఎవరో తెలియని కంపెనీ 360 చూపిస్తే ఆశపడకండి. నా అనుభవంలో 180 వాట్ల హద్దుతో నడిచే ప్రాసెసర్‌ను మంచి 240 మన వేసవిలో కూడా నెట్టుకొస్తుంది. కొనే ముందు చూడవలసింది వారంటీ ఎన్నేళ్లు, సర్వీసు సెంటర్ విశాఖలోనైనా ఉందా, మీ ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకు) సరిపోయే బిగింపు పెట్టెలో ఉందా అన్నవి. పాత 1200 సాకెట్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, మీదానికి 78. పాత నిల్వ సరుకు కొంటే ఆ మూడు మిల్లీమీటర్ల దగ్గరే పని ఆగిపోతుంది.

టేపు పట్టుకుని క్యాబినెట్ కొలవడం మరవకండి. 240 అన్నది రెండు ఫ్యాన్ల కొలత మాత్రమే. చివరన ద్రవం తిరిగే తొట్లు కలుపుకుంటే రేడియేటర్ పొడవు 275 మిల్లీమీటర్లు దాటుతుంది. మందం ఫ్యాన్లతో కలిపి 52 మిల్లీమీటర్లు. పైకప్పుకు బిగిస్తే ఆ 52 కిందికి వచ్చి, ఎత్తైన ర్యామ్ ముక్కలకు తగిలే ప్రమాదం ఉంది. తగలకపోతే పైకప్పే సరైన చోటు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఐ5 12400 ప్రాసెసర్, కంపెనీ ఇచ్చిన ఫ్యానే ఉంది. ఆటలు ఆడేటప్పుడు 80 డిగ్రీలు వస్తోంది. మూడున్నర వేలకు రంగు లైట్లతో 120 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ చూశాను. కొనవచ్చా?
— ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: కొనవద్దు. నీ ప్రాసెసర్ మామూలుగా 65 వాట్లది, గరిష్ఠంగా 117 వాట్లు. దానికి 80 డిగ్రీలు ప్రమాదమేమీ కాదు. ఫ్యాను మోత భరించలేకపోతే రెండు వేల రూపాయల అటూ ఇటూలో నాలుగు రాగి గొట్టాలున్న టవర్ ఎయిర్ కూలర్ వస్తుంది. 120 లిక్విడ్ కూలర్ చేసే పనిని అది కూడా చేస్తుంది, అందులో చెడిపోయే పంపు ఉండదు, పదేళ్ల తరువాత ఫ్యాను ఒక్కటి మారిస్తే చాలు. ఆ టవర్ ఎత్తు సుమారు 150 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక క్యాబినెట్ పక్క తలుపు మూసుకుంటుందో లేదో కొలుచుకో. మిగిలిన డబ్బుతో క్యాబినెట్ ముందు వైపు ఒక ఫ్యాను పెట్టించు.

లైట్ల మీద మోజు ఉంటే తప్పు లేదు కానీ ఒక జాగ్రత్త చెబుతాను. లైట్ల ప్లగ్గుల్లో మూడు పిన్నులది 5 వోల్టులది, నాలుగు పిన్నులది 12 వోల్టులది. మూడు పిన్నుల దాన్ని బలవంతంగా నాలుగు పిన్నుల చోట గుచ్చితే లైట్లు ఆ క్షణంలోనే కాలిపోతాయి.

ప్రశ్న: మాది కళింగపట్నం. ఇల్లు సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. త్రీడీ డిజైన్ పని ఇంటి నుంచే చేస్తాను. ఇక్కడి గాలిలో చెమ్మ చాలా ఎక్కువ. లిక్విడ్ కూలర్ పెడితే చల్లటి గ్లాసు మీద నీళ్లు పట్టినట్టు లోపల నీళ్లు పట్టి మదర్‌బోర్డు పాడవుతుందేమోనని మా నాన్నగారు వద్దంటున్నారు.
— ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: మీ నాన్నగారి భయంలో తర్కం ఉంది, కానీ ఈ యంత్రానికి అది వర్తించదు. గ్లాసు మీద నీళ్లు పట్టేది దాని ఒళ్లు చుట్టూ ఉన్న గాలి కన్నా బాగా చల్లగా ఉన్నప్పుడే. ఇందాక చెప్పినట్టు లిక్విడ్ కూలర్ గది గాలి కన్నా చల్లబడలేదు, పనిలో ఉన్నప్పుడు అందులోని ద్రవం గది కన్నా వెచ్చగానే ఉంటుంది. కనుక చెమర్చదు. ఫ్రిజ్ మాదిరిగా గ్యాసుతో చల్లబరిచే ప్రత్యేక యంత్రాలకే ఆ బాధ ఉంది, అవి మనం కొనేవి కావు.

మీరు భయపడవలసింది ఉప్పుగాలికి. రేడియేటర్ రెక్కలు కాగితమంత పలుచని అల్యూమినియం రేకులు. ఉప్పు, చెమ్మ, దుమ్ము కలిసి వాటి మధ్య తడి దూదిలా పేరుకుంటాయి. అది గాలిని ఆపడమే కాక, లోహాన్ని నెమ్మదిగా తినేస్తుంది. మీ ఊళ్లో అయితే రెండు నెలలకు ఒకసారి కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తని కుంచెతోనూ బ్లోయర్‌తోనూ దులపండి. ఫ్యానును పట్టుకోకుండా బ్లోయర్ కొడితే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. తడిగుడ్డ వాడవద్దు. కంప్యూటర్‌ను సముద్రం వైపు కిటికీకి దూరంగా జరపండి.

లీకు జరగదని నేను హామీ ఇవ్వలేను. మంచి కంపెనీ కూలర్లలో అది అరుదు. గొట్టాలు రేడియేటర్‌ను కలిసే చోట పచ్చటి లేక తెల్లటి పొక్కు కనిపించినా, వేలికి జిగురు తగిలినా ఆ రోజే తీసేయండి. పని ఆగకూడని వారు, నెలల తరబడి క్యాబినెట్ తలుపు తెరవని వారు పెద్ద ఎయిర్ కూలర్‌తోనే ఉండటం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట మా అబ్బాయికి 240 లిక్విడ్ కూలర్ కొనిచ్చాను. ఈ మధ్య గుడగుడమని చప్పుడు చేస్తూ, ఏ పనీ లేకపోయినా 70 డిగ్రీలు చూపిస్తోంది. లోపల నీళ్లు తగ్గి ఉంటాయని, విప్పి బోరు నీళ్లో, కారు రేడియేటర్‌లో పోసే కూలంటో పోస్తే సరిపోతుందని తెలిసిన బండ్ల మెకానిక్ అంటున్నారు. పోయించమంటారా?
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: దయచేసి పోయించవద్దు. ఈ కూలర్‌లో ప్రాసెసర్ మీది పలక రాగిది, రేడియేటర్ అల్యూమినియంది. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే బ్యాటరీలో జరిగినట్టే రసాయనిక చర్య మొదలై అల్యూమినియం కరగడం మొదలవుతుంది. దాన్ని ఆపడానికే కంపెనీ నీటిలో గ్లైకాల్‌తో పాటు తుప్పు నిరోధించే మందులు కలిపి మూత బిగిస్తుంది. బోరు నీటిలోని లవణాలు ఆ చర్యకు నిప్పుకు ఆజ్యంలా పనిచేస్తాయి, పైగా రాగి పలక మీది వెంట్రుకవాసి గాళ్లలో సున్నం పేరుకుని దారి మూసుకుపోతుంది. కారు కూలంట్ కూడా ఈ చిన్న పంపును, దాని రబ్బరు సీళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు.

నీళ్లు తగ్గి ఉంటాయన్న మాటలో మాత్రం నిజం ఉంది. ఎంత బిగించినా ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల గోడల గుండా తేమ కొద్దికొద్దిగా బయటికి పోతుంది, ఆ జాగాలోకి గాలి చేరుతుంది. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటికే పోతుంది. ఆ ఎత్తైన చోటు పంపు అయితే గుడగుడలు వస్తాయి, పంపు అరిగిపోతుంది. ఇది నేను నా కంప్యూటర్‌లోనే చూశాను. శ్రీకాకుళంలో ఒక దుకాణంలో బిగించి ఇచ్చినప్పుడు రేడియేటర్‌ను క్యాబినెట్ అడుగున పెట్టారు, నేనూ గమనించలేదు. ఆరు నెలలు తిరిగేసరికి, రాత్రి ఇల్లంతా నిద్రపోయాక గదిలో ఎవరో నీళ్లు పుక్కిలిస్తున్నట్టు వినిపించేది. క్యాబినెట్ విప్పి రేడియేటర్‌ను పైకప్పుకు మార్చి, ఆన్ చేసి మెల్లగా అటూ ఇటూ వంచితే పది నిమిషాల్లో చప్పుడు పోయింది. కొత్తది కనుక బతికింది.

మీరు ముందు రేడియేటర్ ఎక్కడుందో చూడండి. ముందు వైపు నిలువుగా ఉంటే దాని పై అంచు పంపు కన్నా ఎత్తున ఉండాలి. తరువాత బయోస్‌లో పంపు వేగం చూడండి. అంకె సున్నా ఉన్నా, కిందా మీదా ఊగుతున్నా పంపు పోయినట్టే. వేగం సరిగానే చూపిస్తే అరగంట నడిచాక రేడియేటర్‌ను చేత్తో తాకి చూడండి. ప్రాసెసర్ 70 చూపిస్తుండగా రేడియేటర్ గది అంత చల్లగానే ఉంటే, లోపల ద్రవం తిరగడం లేదు. వారంటీ కాగితం వెతకండి, కొన్ని కంపెనీలు ఐదేళ్లు ఇస్తాయి. వారంటీ దాటిపోయి ఉంటే దాని మీద మరో రూపాయి పెట్టకుండా, ఈసారి టవర్ ఎయిర్ కూలర్ కొనండి.

ప్రశ్న: కొత్త 240 కూలర్ నేనే బిగించుకున్నాను. కంప్యూటర్ ఆన్ చేసిన రెండు నిమిషాలకే 95 డిగ్రీలు దాటి ఆగిపోతోంది. కూలర్ లోపమా?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఎక్కువసార్లు కూలర్ లోపం కాదు. పంపును ప్రాసెసర్ మీది నుంచి విప్పి రాగి పలకను చూడండి. దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉండిపోయి ఉంటుంది. పెట్టేటప్పుడు తీయడం మరచిపోయేవారు ఎందరో. పొర లేకపోతే పేస్టు (ప్రాసెసర్‌కూ పలకకూ మధ్య వేడిని చేరవేసే లేపనం) ముద్ర చూడండి. అది ఒక పక్కనే అంటుకుని ఉంటే స్క్రూలు సమంగా బిగియలేదని అర్థం. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగగింజంత పేస్టు మధ్యలో పెట్టి, నాలుగు స్క్రూలను ఒక మూల, దాని ఎదురు మూల చొప్పున రెండేసి చుట్లు తిప్పుతూ బిగించండి. చివరగా పంపు వైరు దాని కోసం కేటాయించిన ప్లగ్గులోనే ఉందా, బయోస్‌లో దాన్ని పూర్తి వేగానికి పెట్టారా చూడండి. ఫ్యాన్ల వేగం వేడిని బట్టి మారవచ్చు, పంపు వేగం మాత్రం మారకూడదు.