కువైట్ నుంచి తిరిగొచ్చినవారిని ఏమడగాలి?

ప్రశ్న: కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన స్త్రీలు ఎదుర్కొన్న హింసపై పరిశోధన చేస్తున్నాను. ప్రశ్నావళి తీసుకుని వెళ్తే చాలామంది "మా బాబా, మామా (యజమానిని, యజమానురాలిని వాళ్లు పిలిచే పేర్లు) మంచివాళ్లేనమ్మా" అని అక్కడితో ఆపేస్తున్నారు. వీరిచేత నిజం చెప్పించేదెలా?
– ఒక పాఠకురాలు, రాయచోటి

జవాబు: అమ్మా, ముందుగా "చెప్పించడం" అనే ఆలోచనను విడిచిపెట్టండి. వసారాలో అత్తగారు వింటుండగా, ఏజెంటు కోసం చేసిన అప్పు ఇంకా తీరకుండా, అవసరమైతే మళ్లీ అదే దేశానికి వెళ్లక తప్పని మనిషి అంతకుమించి ఏం చెప్పగలదు? స్త్రీలపై హింసను గురించిన పరిశోధనలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆమె భద్రతనే అన్నిటికంటే ముందు పెట్టాయి. ఏకాంతంలోనే మాట్లాడాలి, మధ్యలో ఎవరైనా వస్తే వెంటనే పిల్లల చదువులవైపో, రేషన్ కార్డువైపో మాట మళ్లించాలి. మీ సిద్ధాంత గ్రంథం ఆలస్యమైనా పరవాలేదు, మీరు వెళ్లొచ్చాక ఆ ఇంట్లో ఆమెకు మాటలు పడే పరిస్థితి రాకూడదు.

ఇక "హింస" అన్న మాటతో మొదలుపెట్టకండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది, రాత్రి పడుకునే గదికి లోపల గడియ ఉండేదా, జీతం ఎన్ని నెలలకొకసారి చేతికొచ్చేది అని అడగండి. కువైట్ 2010 నాటి కార్మిక చట్టం ఇంటి పనివారిని బయటే ఉంచింది. 2015లో వారికోసం వచ్చిన 68వ చట్టం పాస్‌పోర్టు లాక్కోవడాన్ని నిషేధించి, పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసి, వారానికొక సెలవు ఇచ్చింది. ఆమె జవాబులను ఈ చట్టం పక్కన పెట్టి చూస్తే, ఆమె హింస అని పిలవనిది కూడా మీకు కనిపిస్తుంది.

మీ అధ్యయనానికి ఆయువుపట్టు కఫాలా పద్ధతి, అంటే వలస కార్మికులను యజమాని పూచీపై ఉంచే ఏర్పాటు. ఆమె నివాస హక్కు యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి, దెబ్బలు తాళలేక గడప దాటిన స్త్రీపైనే "పారిపోయింది" అని యజమాని ఫిర్యాదు చేయవచ్చు, అప్పుడు బాధితురాలే నిందితురాలవుతుంది. మన నియమాలూ ఇందులో భాగమే. ఇమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అవసరమైన పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని పెట్టిన షరతు రక్షణకే అయినా, విజిట్ వీసాపై పంపే ఏజెంట్లకు అది దారి తెరిచింది. అలా వెళ్లినామె ఫిర్యాదు చేయడానికే జంకుతుంది. అందుకే హింసను ఒక అధ్యాయంలో, కార్మిక హక్కులను మరో అధ్యాయంలో రాయడం నా దృష్టిలో పొరపాటు.

ఎవరైనా జీతం బకాయి ఉందని చెబితే నోటుపుస్తకంలో రాసుకుని వచ్చేయకండి. ఆమె ఒప్పుకుంటే, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి పక్కన కూర్చుని సాయం చేయండి.