ఆకలి సహాయ నిధి కోసం కిలిమంజారో ఎక్కాలనుకుంటున్నాను. నిధి సేకరణకీ, ఎక్కడానికీ ఎలా సిద్ధం కావాలి?

ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం పడే చోటు ఒకటుంది. ముందు అది చెప్తాను. "శిఖరం చేరితేనే ఇస్తాం" అనేవాళ్ల విరాళం ఒప్పుకోకండి. 5,895 మీటర్ల ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదాంట్లో దాదాపు సగమే. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం మొదలైతే దిగిపోవడం తప్ప మందు లేదు. వెనక్కి తిరిగితే ఇంత డబ్బు పోతుందన్న లెక్క బుర్రలో ఉన్న మనిషి మాత్రం గైడు అడిగితే "బాగానే ఉంది" అంటాడు. అందుకే విరాళాల పేజీలో మొదటి రోజే రాసెయ్యండి: శిఖరం చేరినా, చేరకపోయినా ఈ డబ్బు నిధికి వెళ్తుంది. మీటరుకి ఇంతని ఇస్తామనేవాళ్లకి ఆఖరి శిబిరం బరాఫు దాకానే, అంటే సుమారు 4,670 మీటర్లకే లెక్క కట్టండి.

ప్రయాణం ఖర్చు ఎవరిదో కూడా అక్కడే ఉండాలి. మీరే పెట్టుకుంటుంటే ఆ ముక్క పైనే రాయండి, ఇచ్చేవాళ్లకి మొదట వచ్చే అనుమానం అదే. కొన్ని సంస్థలు కనీసం ఇంత పోగు చెయ్యమని చెప్పి, అందులోంచే ట్రిప్పు ఖర్చు తీసుకుంటాయి. అది తప్పేం కాదు, దాచడం తప్పు.

పేజీని సున్నాతో బయటపెట్టొద్దు. దగ్గరివాళ్లు ఐదారుగురితో ముందే వేయించండి, ఎందుకంటే వెనక వచ్చేవాళ్లు పైన కనిపించే మొత్తాలు చూసే తమది ఎంతో తేల్చుకుంటారు. గ్రూపులో పెట్టిన మెసేజ్ ఎవరికీ తగలదు. పేరు పెట్టి ఒక్కొక్కరికీ విడిగా రాయాలి.

"ఆకలి" అన్న మాట చాలా పెద్దది, చేతికి అందదు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకిచ్చే వేరుశనగ పేస్టు ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, కొస చింపి నోట్లో పిండడమే. 150 ప్యాకెట్ల పెట్టె 13.8 కిలోలు, సుమారుగా ఒక బిడ్డ పూర్తి చికిత్సకి సరిపోతుంది. ఇలాంటి లెక్క చూపిస్తే ఇచ్చేవాళ్లకి పని కళ్లకి కడుతుంది. కాకపోతే మీరు ఎంచుకున్న సంస్థ నిజంగా ఆ పనే చేస్తుంటేనే రాయండి. డబ్బు సాధారణ నిధికి వెళ్తుంటే పెట్టెల లెక్క చెప్పడం మోసం.

ఇక కొండ. డబ్బు మిగులుతుందని రోజులు తగ్గించకండి, వెనక్కి తిరగాల్సి రావడానికి పెద్ద కారణం అదే. మచామే దారిలో 7 రోజులు, లెమోషోలో 8 రోజులు తీసుకోండి. ఈ రెండు దారుల్లోనూ లావా టవర్ దగ్గర 4,600 మీటర్ల దాకా ఎక్కించి, మళ్లీ 4,000 లోపున్న బరాంకో శిబిరానికి దింపి పడుకోబెడతారు. ఒళ్లు ఎత్తుకి అలవాటు పడేది అలాగే. 6 రోజుల మచామేలో పోయేది కరంగా శిబిరంలో ఒక రాత్రి. దాంతో బరాంకో నుంచి నేరుగా బరాఫుకి వెళ్లి, ఆ అర్ధరాత్రే శిఖరానికి బయల్దేరాలి.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మందు డయామాక్స్ మామూలుగా 125 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. డాక్టరుని అడగాల్సిందే, సల్ఫా మందులు పడనివాళ్లయితే మరీనూ. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, రాత్రి నాలుగుసార్లు టెంట్ జిప్పు తియ్యాల్సి వస్తుంది. ఇంటి దగ్గరే ఒకట్రెండు రోజులు వేసుకుని చూస్తే కొండ మీద కంగారుండదు. ఆ మందు ఉంది కదాని వేగంగా ఎక్కితే మాత్రం మందూ కాపాడదు. గైడ్లు "పోలే పోలే" అంటారు, స్వాహిలీలో "మెల్లగా, మెల్లగా" అని. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు.

సాధన 6–8 కిలోల సంచీతో మెట్ల మీద చెయ్యండి, దిగడం కూడా లెక్కలోకే. శిఖరం నుంచి మ్వెకా శిబిరానికి ఒక్క రోజులో సుమారు 2,800 మీటర్లు దిగుతారు. కాలి గోళ్లు ఊడేది అక్కడే. ముందురోజు గోళ్లు కత్తిరించి, దిగేముందు బూటు లేసులు చీలమండ దగ్గర బిగించండి.

శిఖరం రాత్రి నీళ్ల సంచీ గొట్టం గడ్డకడుతుంది. సీసాలో పోసి, మందపాటి సాక్సులో దూర్చి, తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లుగానే ఉంటాయి. ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. దాతల కోసం పట్టుకెళ్లే బ్యానరు చిన్న గుడ్డదే మేలు. గాలికి పెద్దది నిలవదు. నాలుగు మూలలా తాడు ముక్కలు ముందే కుట్టించుకుంటే గ్లోవులు తియ్యకుండా చేతిలో ఉండే నడక కర్రలకి తగిలించొచ్చు.

చాలామంది అడగనిది పోర్టర్ల సంగతి. ఒక్కొక్కరి మోతకి పరిమితి 20 కిలోలు. గేటు దగ్గర తూస్తారా, వాళ్లకి రోజుకి ఎన్ని పూటల తిండి, పడుకోవడానికి విడిగా టెంట్ ఉందా, టిప్పు చేతికే అందుతుందా అని కంపెనీని డబ్బు కట్టకముందే అడగండి. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ ఈ విషయాల్లో సరిగ్గా ఉండే కంపెనీల పేర్లు ఇస్తుంది. ఆకలి పేరు చెప్పి ఎక్కుతూ, మన సామాను మోసేవాళ్లని ఒంటిపూట తిండితో నడిపించడం కన్నా సిగ్గుచేటు లేదు.

తిరిగొచ్చాక పేజీ వెంటనే మూసెయ్యకండి, నెల రోజులు తెరిచి ఉంచండి. "ఇస్తాను" అని మరిచిపోయినవాళ్లు ఫొటోలు చూశాకే వేస్తారు. చివరి మొత్తం జమ అయ్యాక సంస్థ ఇచ్చిన రసీదు అదే పేజీలో పెట్టండి.