అత్తయ్యకు ఫైలుంది.. మీ పేరు మీద ఓపీ చీటీ ఏదమ్మా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యకు 73. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా రాదు. అన్నీ మంచం మీదే. నేనే చూసుకుంటున్నాను. రాత్రిపూట ఏదైనా కావాలంటే ఎడమ చేత్తో స్టీలు గ్లాసు తీసుకుని మంచం ఊచల మీద కొడుతుంది. రాత్రికి ఆరేడుసార్లు లేవాల్సి వస్తోంది. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల రోజూ వేసుకుంటున్నాను. మధ్యలో లేస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదని మూడు వారాలుగా నిద్రమాత్ర అర ముక్క కూడా వేసుకుంటున్నాను. మొన్న బీపీ చూపించుకుంటే 156/98 ఉంది. టెన్షన్ వల్లే అన్నారు. పోయిన వారం అత్తయ్య మీద గట్టిగా అరిచేశాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రోజు నుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది. మా వారిది గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం, పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు. పది రోజులు అత్తయ్యను ఎక్కడైనా ఉంచుదామంటే, నలుగురూ ఏమనుకుంటారంటున్నారు. ఆడపడుచేమో ఫోన్‌లో ‘అమ్మ చిక్కిపోయింది’ అంటుంది. నాది జబ్బా, లేక ఓపిక లేకపోవడమా?
– ఓ సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం: ఓపిక లేని మనిషి రెండేళ్లపాటు రాత్రికి ఆరేడుసార్లు లేవదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. మీకు బీపీ ఉంది, నిద్ర లేదు, నడుం దెబ్బతింటోంది. పైగా డాక్టర్ చూడకుండా రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. ఇవన్నీ వైద్యం చేయాల్సిన విషయాలు.

నా ఇంట్లో జరిగింది ఒకటి చెప్తాను. మా నాన్నగారు మంచాన పడ్డాక 14 నెలలు మా అమ్మే చూసుకుంది. నేను ప్రతి ఆదివారం వెళ్లి నాన్న బీపీ చూసేవాణ్ణి, సుగర్ చూసేవాణ్ణి, వీపు తిప్పి పుండ్లున్నాయేమో చూసేవాణ్ణి. బీపీ మిషన్ సంచిలో పెట్టుకుంటుంటే అమ్మ కాఫీ తెచ్చిచ్చేది. ఆ పట్టీ ఒక్కసారైనా ఆవిడ చేతికి చుట్టలేదు. ఒకరోజు వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే 200/110. అంతకుముందు ఎన్ని నెలల నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. డాక్టర్‌నైన నేనే ఆవిడను చూడలేదు. అందుకే మంచాన పడ్డవారిని తీసుకొచ్చిన ప్రతి ఒక్కరికీ నేనిప్పుడు చెప్పే మొదటి మాట, మీ పేరు మీద కూడా ఓపీ చీటీ రాయించండి అని. మీ అత్తయ్యకు ఒక ఫైలు ఉండే ఉంటుంది. మీకూ ఒకటి మొదలుపెడదాం.

ఒక్కసారి చూసిన 156/98తో బీపీ జబ్బని తేల్చలేం. అలాగని టెన్షనేలే అని వదిలేయకూడదు. వారం రోజులు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంట్లోనే చూసుకోండి. అంతకు అరగంట ముందు కాఫీ, టీ వద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని ఊరికే కూర్చుని, ఆ తర్వాత చూడండి. (మీకు ఆ ఐదు నిమిషాలు దొరకడమే కష్టమని నాకు తెలుసు.) ఇంట్లో చూసిన సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అది అధిక రక్తపోటే. పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటి, దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక పక్క బలహీనత ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక్కడే మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నడుం నొప్పికి మెడికల్ షాపులో సాధారణంగా ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రోజూ వాడితే వాటివల్లే బీపీ పెరగొచ్చు. కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఆ స్ట్రిప్పు పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. అప్పటిదాకా నొప్పి తప్పనిసరైతే పారాసిటమాల్ వాడుకోవచ్చు, లివర్ జబ్బు లేకపోతేనే. నిద్రమాత్ర విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఆల్ప్రజోలామ్ లాంటివి కొన్ని వారాలకే అలవాటు పడిపోతాయి. రోజూ వేసుకుంటున్నారు కాబట్టి ఒక్కసారిగా ఆపేయకండి. ఎలా తగ్గించాలో డాక్టర్ చెప్తారు. అత్తయ్య రాత్రి లేపుతోందని ఆ అర ముక్క ఆవిడకు మాత్రం ఎప్పుడూ వేయకండి. పెద్ద వయసులో, పక్షవాతం వచ్చినవాళ్లకు దానివల్ల మత్తు, అయోమయం, మింగేటప్పుడు పొలమారడం ఎక్కువవుతాయి.

మీ వయసుకు హిమోగ్లోబిన్, థైరాయిడ్, సుగర్, బీ12 పరీక్షలు కూడా చేయించండి. నెలసరి మారే వయసు. నీరసం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వీటివల్ల కూడా రావచ్చు. సేవ చేయడం వల్లేనని అన్నీ దాని మీదకే తోసేస్తే, చిన్న మాత్రతో తగ్గిపోయేవి కూడా మిగిలిపోతాయి.

ఇక ఆ స్టీలు గ్లాసు సంగతి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ చప్పుడు నా చెవిలోనే ఉంది. మాట రాని మనిషికి ఆ గ్లాసే నోరు. ఆవిడ ఎందుకు కొడుతోందో కనిపెడితే, మీ నిద్రలో సగం తిరిగొస్తుంది. ఒక వారం పాటు మంచం పక్కన క్యాలెండర్ వెనక పెన్నుతో రాయండి: ఎన్ని గంటలకు కొట్టింది, దేనికి కొట్టింది. మూత్రం కోసమే ఎక్కువసార్లైతే ఆవిడ మాత్రల్లో నీరు పోయే మాత్ర ఉందేమో, అది రాత్రి వేస్తున్నారేమో చూసి, ఉదయానికి మార్చొచ్చా అని డాక్టర్‌ను అడగండి. మూత్రంలో మంట, వాసన, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ చూడాలి. మూడు నాలుగు రోజులకోసారి విరేచనమవుతుంటే కడుపు బిగుసుకుని కూడా నిద్ర పట్టదు. పడిపోయిన చేతివైపు భుజం నొప్పి పక్షవాతంలో చాలా మామూలు. ఆ పక్కకు ఒత్తిగిలి పడుకున్నప్పుడే కొడుతోందేమో గమనించండి. ఇవేవీ కాకుండా ఊరికే భయమేస్తే కూడా కొడతారు. చిన్న బెడ్‌లైటు, మీరు పడుకున్నది ఆవిడకు కనిపించేలా మీ మంచం జరపడం, ఈ రెంటితో తగ్గినవాళ్లను చూశాను.

ఒక అట్టముక్క మీద నాలుగు బొమ్మలు గీయండి. గ్లాసు, బెడ్‌పాన్, ఫ్యాను, నొప్పి పెట్టే మనిషి ముఖం. ఆవిడ ఎడమ చేత్తో చూపిస్తుంది. మొదట రెండు మూడు రోజులు పట్టొచ్చు, పగటిపూట నేర్పండి. పగలంతా నిద్రపోతే రాత్రి నిద్ర రాదు కాబట్టి, సాయంత్రం నాలుగు తర్వాత కాసేపు వీపు వెనక దిండ్లు పెట్టి వసారాలో కూర్చోబెట్టగలిగితే మంచిది.

పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చమని చెప్పి ఉంటారు. అది సరైనదే. కానీ గాలి పరుపు వాడుతూ, చర్మం ఎక్కడా దెబ్బతినకుండా ఉంటే, రాత్రిపూట ఆ గ్యాప్ మూడు నాలుగు గంటలకు పెంచొచ్చా అని ఆవిడను చూస్తున్న డాక్టర్‌ను అడగండి. నడుం కింద, మడమల దగ్గర రోజూ చెయ్యి పెట్టి చూడాలి. నొక్కి వదిలినా పోని ఎరుపు, మన రంగు మీద ఎరుపు తెలియకపోతే వేడిగానో గట్టిగానో తగలడం, పుండుకు మొదటి గుర్తు.

మీ నడుం గురించి. ఆవిడ చేతులు పట్టుకుని పైకి లాగుతున్నారా? చాలా ఇళ్లలో అలాగే లేపుతారు. దానివల్ల మీ నడుమూ పోతుంది, పడిపోయిన చేతి భుజమూ జారుతుంది. పాత నేత చీర నాలుగు మడతలు వేసి ఆవిడ భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒంటి కింద పరవండి. పక్కకు తిప్పాలన్నా, పైకి జరపాలన్నా ఆ చీర అంచులు పట్టుకుని ఇద్దరు కలిసి జరపాలి. మంచం కిందికుంటే నాలుగు కోళ్ల కింద ఇటుకలు పెట్టి మీ నడుం ఎత్తుకు తేండి, కోళ్లు కదలకుండా చూసుకోండి. వంగకుండా పని చేస్తే నడుం నొప్పి ఎంత తగ్గుతుందో పది రోజుల్లో మీకే తెలుస్తుంది. ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించి, వ్యాయామాలతోపాటు ఎలా లేపాలో మీకు, మీ వారికి నేర్పించమనండి.

అరిచిన సంగతి రాశారు. అది దాచకుండా రాయడానికి చాలా ధైర్యం కావాలి. నిద్ర లేని మనిషి అరుస్తుందమ్మా. ఆవిడ దగ్గర కూర్చుని ‘కోపంలో అన్నాను అత్తయ్యా’ అని చెప్పండి. మాట రాకపోయినా ఆవిడకు అర్థమవుతుంది. మళ్లీ అలా కోపం పొంగినప్పుడు మంచం ఊచలు పైకి వేసి, ఐదు నిమిషాలు బయట గడప మీద కూర్చోండి. ఆవిడకేమీ కాదు. అయితే చెయ్యి చేసుకోవాలనిపించినా, బతకడమే వద్దనిపించినా, రెండు వారాలకు మించి దేని మీదా ఇష్టం లేకుండా ఏడుపొస్తున్నా అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి అనుకుంటారని సందేహించకండి.

పది రోజులు ఎక్కడైనా ఉంచడం తప్పా అని మీరు సూటిగా అడగలేదు కానీ, ఉత్తరమంతా ఆ ప్రశ్నే ఉంది. తప్పు కాదు. నేనైతే మందు చీటీ మీద రాసిస్తాను. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో కొన్ని పది పదిహేను రోజులకు కూడా చేర్చుకుంటాయి. ముందుగా చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్లి చూడండి: రాత్రి ఎంతమంది ఉంటారు, పక్కలు ఎవరు మారుస్తారు, మూత్రం వాసన వస్తోందా. మీ జిల్లాలో ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకోవడానికి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఫోన్ చేయొచ్చు. తెలంగాణలో ఉన్న పాఠకులకు ఇంకో దారి ఉంది. అక్కడ జిల్లా ఆసుపత్రుల్లో ‘ఆలన’ పేరుతో పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) కేంద్రాలు నడుస్తున్నాయి. క్యాన్సర్ వాళ్లకే అనుకుంటారు చాలామంది. మంచాన పడ్డ పక్షవాతం రోగులకు కూడా సాయం చేస్తారు, బృందం ఇంటికి కూడా వస్తుంది.

డబ్బు మాట. అత్తయ్యకు ఇప్పుడు వృద్ధాప్య పింఛను 4,000 వస్తుండొచ్చు. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 ఇస్తున్నారు. ఒకరికి ఒకటే పింఛను కాబట్టి పాతది మార్పించుకోవాలి. ప్రభుత్వాసుపత్రి వైద్యులు పరీక్షించి ఇచ్చే సదరం (వైకల్య) సర్టిఫికెట్ కావాలి. గ్రామ సచివాలయంలో అడిగితే స్లాటు, మిగతా అర్హతలు చెప్తారు. అది వస్తే, రోజూ ఉదయం స్నానం, పక్క మార్చే పనులకు ఊళ్లోనే నమ్మకమైన ఆయమ్మను పెట్టుకోవచ్చు. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే ఆధార్, పోలీసు వెరిఫికేషన్ చూసుకోండి. మాత్రలు వేసే పని మాత్రం ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. మీ వారు ఆదాయపు పన్ను పాత విధానంలో కడుతుంటే, తన మీద ఆధారపడ్డ తల్లికి వైకల్యం కనీసం 40 శాతం ఉంటే 75,000, 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 1,25,000 మినహాయింపు కూడా ఉంది. దానికీ సర్టిఫికెట్ కావాలి.

ఆడపడుచు గారికి ఒక పని అప్పజెప్పండి. చిక్కిపోయింది అన్నప్పుడు బాధపడే బదులు, ‘వదినా, నెలలో రెండో శని, ఆదివారాలు నువ్వు వచ్చి చూసుకో’ అని తారీఖు చెప్పి అడగండి. రాలేనంటే ఆయమ్మ జీతంలో కొంత పంపమనండి. ఈ డబ్బు మాట మాత్రం మీరు కాకుండా మీ వారు అడగాలి. వాళ్లమ్మే కదా.

ఈ సమాధానం మీ వారికి చదివి వినిపించండి. అయ్యా, ప్రతి శనివారం రాత్రి పది నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా మీ అమ్మగారి బాధ్యత మీది. మీ భార్య వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి, గ్లాసు చప్పుడుకు లేచేది మీరే. డైపర్ మార్చడం రాదంటారేమో. ఈ శనివారం ఆవిడ పక్కన నిలబడి చెప్తుంటే మీరు ఒకసారి మార్చండి. సోమవారం సెలవు పెట్టి, వారం రోజుల బీపీ అంకెలు రాసిన కాగితం, ఆ రెండు మాత్రల స్ట్రిప్పులు తీసుకుని ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఓపీ చీటీ ఆవిడ పేరు మీద రాయించండి.

– జనరల్ ఫిజీషియన్